లక్కపిడతల వియ్యం

నాకు పెళ్ళి కుదిరిందన్న సంగతి ఒక లెంపకాయతో తెలిసింది. అప్పుడు నేను ఏడో తరగతి పరీక్షలు రాసి, వేసవి సెలవులకు అమ్మతోనూ అక్కతోనూ నూజివీడులో మామయ్య ఇంటికి వెళ్ళాను. మామయ్య కొడుకు రమణబావ రెడ్డిగూడెం తోటనుంచి దుమ్ము కొట్టుకుపోయి వచ్చి వరండాలో కూలబడ్డాడు. మా అక్క శకుంతల చెంబుతో నీళ్ళు తెచ్చి "అన్నయ్యా, కాళ్ళు కడుక్కో" అంది. దాని వెనకాలే తువ్వాలు పట్టుకొచ్చిన నేను "ఇదుగో అన్నయ్యా" అన్నాను. వంటింట్లో ఉన్న అమ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు, నా చెంప చెళ్ళుమంది.

"బావ అనాలి. ఏం పిలుపే అది?"

"అక్క అన్నయ్య అంటోందిగా!"

"అక్క వేరు, నువ్వు వేరు."

ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి అన్నయ్య అయినవాడు రెండోవాళ్ళకి బావ ఎలా అవుతాడో నా లెక్కకు అందలేదు. చెంప రుద్దుకుంటూ అందరి మొహాలూ చూశాను. రమణబావ కాళ్ళు కడుక్కుంటూ నేలకేసి చూస్తున్నాడు. అత్త మాత్రం నవ్వుతూ నా జుట్టు సర్ది, "పోనీలే వదినా, చిన్నపిల్ల. నిదానంగా అదే తెలుసుకుంటుంది" అంది. ఆ నిదానంగా అన్న మాటలో ఎంత పెద్ద తాళం ఉందో నాకు తర్వాత తెలిసింది.

దీని వెనకాల ఒక పెళ్ళి ఉంది. బొమ్మల పెళ్ళి. అది జరిగినప్పుడు నేను ఇంకా పాకే వయసు దాటి తప్పటడుగులు వేస్తున్నానట. కాబట్టి నాకేమీ గుర్తులేదు. కానీ మా రెండిళ్ళలోనూ ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారంటే, నేనే దగ్గరుండి జరిపించినంత వివరంగా చెప్పగలను.

మా అమ్మమ్మ వరలక్ష్మి ఊహ తెలియని వయసులో ఆ ఇంటికి కాపురానికి వచ్చింది. వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు ఒక చెక్కపెట్టె ఇచ్చారట. అందులో లక్కపిడతలు, పొణికి చెక్కతో చేసిన కొండపల్లి పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. బొటనవేలంత బిందె, దాని మీద మూత, బియ్యపుగింజ పడితే నిండిపోయే రోలు, కన్నాలు లేని జల్లెడ. ఎర్ర లక్క మీద పసుపుపచ్చ గీతలు. అమ్మమ్మ తరవాత వాటితో మా అమ్మ ఆడుకుంది, తరవాత మా అక్క. అక్కకు తొమ్మిదేళ్ళప్పుడు వేసవిలో, ఆ బొమ్మలకు పెళ్ళి చేద్దామని పట్టుబట్టింది.

అమ్మమ్మకు ఏ పనీ ఉత్తుత్తిగా చెయ్యడం రాదు. మామిడాకుల తోరణం కట్టించింది, వడపప్పు పానకం చేయించింది, వీధిలో ముత్తయిదువలను బొట్టుపెట్టి పిలిచింది. పంతులుగారు నవ్వుకుంటూనే మంత్రాలు చదివాడు. అక్క పెళ్ళికూతురి తల్లి. మరి మగపెళ్ళివారు కావాలి కదా! అప్పుడు పన్నెండేళ్ళ రమణబావను గోళీకాయల దగ్గర్నించి లాక్కొచ్చి, కండువా వేసి, పెళ్ళికొడుకు తండ్రిగా కూర్చోబెట్టారు. మొదట సిగ్గుపడ్డాడు కానీ, తరవాత మరీ రెచ్చిపోయి, కాఫీ చల్లారిపోయిందని అలిగి పందిట్లోంచి లేచిపోయాడట. అమ్మమ్మ అక్క చెవిలో చెప్పింది, "అన్నయ్యగారూ, కోపం తగ్గించుకోండి అని బతిమాలు. వియ్యంకుడు అన్న వరస" అని. అక్క లక్క చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి అలాగే బతిమాలింది. ఆ కాలం నుంచి నవ్వులాటకి ఇద్దరూ వియ్యాలవారయ్యారు. నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. తలంబ్రాల వేళకి పెళ్ళికొడుకు ముక్కు కొరికేశానట. ఇప్పటికీ ఆ బొమ్మకు ముక్కు మొండిగానే ఉంటుంది.

ఇంతవరకూ ఇది పిల్లలాటే. దాన్ని ఆట కాకుండా చేసింది మా మామయ్య శ్రీరాములు. మామయ్యది మామిడికాయల వ్యాపారం. తోటలు పూత మీదే మాట్లాడుకుని, కాయ దించి, లారీలకెత్తించేవాడు. బొమ్మల పెళ్ళయిన మూడో రోజున పెద్ద గాలివాన వచ్చింది. ముసునూరు వైపు తోటలన్నీ కాయ రాలిపోయి నేలంతా పచ్చగా పరుచుకుంది. మామయ్య తోటలో మాత్రం కాయ నిలిచింది. చుట్టూ కొండ అడ్డం ఉండబట్టి నిలిచిందని మా నాన్న అంటాడు. మామయ్య ఒప్పుకోడు. బొమ్మల పెళ్ళి చేసిన ఫలం అన్నాడు. ఆ రోజే చెక్క దంపతులను అక్క చేతిలోంచి తీసుకుని గోడౌనులో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టాడు. అప్పట్నుంచి ఏటా మొదటి బుట్ట చిన్నరసాల మీద ఆ బొమ్మలను కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టాకే లారీ కదిలేది. అక్కకు పిడతలు మిగిలాయి, సంసారం మామయ్య పట్టుకుపోయాడు.

అక్కకు పద్దెనిమిదేళ్ళు రాగానే మామయ్య మా ఇంటికొచ్చి రమణకి శకుంతలను అడిగాడు. మాది హనుమాన్ జంక్షన్. బస్టాండు దగ్గర నాన్నకు కిరాణా కొట్టుంది. అక్క టీచరు ట్రైనింగుకు వెళ్తానంది, బావను చేసుకోనంది. ఎందుకని అందరూ అడిగితే, "బావంటే ఏం లేదు, ఆ ఇల్లంటే భయం" అంది. అన్నం మానేసింది. అమ్మ ఏడుపు, మామయ్య అరుపులు. అలాంటి సమయంలో అమ్మమ్మ మాట్లాడింది.

"శకుంతలకీ రమణకీ వరస కుదరదు. వియ్యమయ్యాక వాడు దానికి అన్న."

"బొమ్మల పెళ్ళికి వరసలేంటమ్మా?" అన్నాడు మామయ్య.

"ఆ పెళ్ళి ఉత్తదే అయితే ఏటా మొదటి బుట్టకి కొబ్బరికాయ ఎందుకు కొడుతున్నావు నాన్నా?"

మామయ్య నోరు మూతబడింది. అలా మా అక్క బయటపడింది. ట్రైనింగు అయ్యాక గుడివాడలో ఒక మాస్టరుగారిని పెళ్ళి చేసుకుంది. రమణబావను నోరారా అన్నయ్యా అని పిలిచేది, తప్పించుకున్నవాళ్ళకి ఉండే ప్రేమతో. ఇంట్లో అమ్మమ్మ తెలివి గురించి ఎవరు చెప్పుకున్నా నేను కూడా చప్పట్లు కొట్టేదాన్ని. ఆ లెంపకాయ పడేవరకు.

ఆ తరవాత ప్రతి వేసవీ అత్త నాకు ఆ ఇల్లు నేర్పడం మొదలుపెట్టింది. పసుపు ఏ డబ్బాలో, ఆవకాయ ఏ జాడీలో, మడిబట్ట ఏ దండెం మీద. "రేపు నీకే కదా" అనేది ప్రతి దానికీ. ఆమె చెడ్డ మనిషని చెప్పను. తాళాలగుత్తి నడుముకు లేకపోతే ఊపిరాడని మనిషి, అంతే.

ఆ ఇంటిని గురించి చెప్పాలి. వీధివైపంతా గోడౌను. హమాలీలు, గడ్డి, బుట్టలు, లారీలు. అందుకని ఆడవాళ్ళు వీధి గుమ్మంలోకి రాకూడదు. పెరటి సందులోంచి రావాలి, పెరటి సందులోంచి పోవాలి. మధ్యలో కాయలు మాగేసే గది. వరిగడ్డిలో కాయ పేర్చి, కార్బైడు మందు పొట్లాలు పెట్టి, తలుపులు బిగిస్తారు. గాలి తగిలితే కాయ సరిగ్గా పండదని మామయ్య అందరి ప్రాణాలూ తోడేసేవాడు. ఆ గదికి ఆనుకుని అమ్మమ్మ గది. రెంటికీ మధ్య గోడ పైకప్పు దాకా లేదు. కాబట్టి ఎండాకాలమంతా అమ్మమ్మ గది కిటికీ కూడా మూసే ఉంచాలి. ఊరంతా డాబాల మీద పడుకునే రోజుల్లో, అమ్మమ్మ ఆ ఉక్కలో, ఆ మందు వాసనలో విసనకర్రతో కూర్చునేది. ఆ కిటికీ పెరటి సందులోకి ఉంటుంది, ఇనప ఊచలతో. సందులో మన అడుగుల చప్పుడు విని ఎవరు వచ్చారో అమ్మమ్మ చెప్పేది.

రమణబావ మంచివాడు. ఇది నేను ఒట్టేసి చెబుతాను, ఎందుకంటే నా బాధంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే అరిచి గోల చేయొచ్చు. పదో తరగతి అయ్యాక ధైర్యం చేసి, "నేను డిగ్రీ చదవాలి బావా" అన్నాను. "చదువుకో, నాకేం అభ్యంతరం లేదు. అమ్మనడుగు" అన్నాడు. అత్తను అడిగితే "మామయ్యనడుగు" అంది. మామయ్యను అడిగితే "మీ అమ్మమ్మకి ఓపిక తగ్గిపోతోంది, ఇంట్లో ఇంకో ఆడమనిషి కావాలి" అన్నాడు. నేను అడిగినదానికీ ఆయన చెప్పినదానికీ సంబంధం ఏమిటో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఇంట్లో ఏ తలుపు తీసినా ఇంకో గదిలోకే తెరుచుకునేది.

ఇంటరు రెండో సంవత్సరం పరీక్షలు ఇంకా కాకముందే, ఫాల్గుణంలో తాంబూలాలు పుచ్చుకుందామని కబురొచ్చింది. కాయ సీజను అయిపోయాక శ్రావణంలో పెళ్ళి. అమ్మ కాళ్ళ మీద పడ్డాను. అమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది. "ఒకసారి కాదన్నాం, ఊరుకున్నాడు. రెండోసారి కాదంటే నాకు పుట్టిల్లు ఉండదే సరోజా" అంది. నాన్న కొట్టులో చక్కెర పొట్లాలు కట్టుకుంటూ, "మీ అమ్మ తరఫు సంగతులు" అని నా కేసి చూడకుండా అన్నాడు. మనసులో ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టానో ఆ పొట్లాలకే తెలుసు.

తాంబూలాలకు ముందు రోజు అమ్మమ్మను జీపులో మా ఇంటి దగ్గర దింపి వెళ్ళారు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక, నేను అటక మీంచి లక్కపిడతల పెట్టె దింపి ఆమె ముందు పెట్టాను.

"అమ్మమ్మా, అక్కకి వియ్యంకుడైతే అన్న వరస అన్నావు. వియ్యపురాలి చెల్లెలికి ఏ వరస?"

అమ్మమ్మ పెట్టె తీయలేదు. మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

"అన్న వరసేనే."

"మరి?"

"మరేముంది. అప్పుడు శ్రీరాములు నోరు మూసుకున్నాడని మీరందరూ అనుకుంటారు. వాడు అంత తేలిగ్గా వదిలే మనిషా? మీ నాన్న వెళ్ళాక నన్ను పక్కకి పిలిచాడు. పెద్దదానికి వరస కుదరకపోతే చిన్నదానికి కుదురుతుందా అని అడిగాడు. కుదురుతుందన్నాను."

 అప్పుడు నా నోటివెంట వచ్చిన మాటలు పెద్దవాళ్ళతో అనాల్సినవి కావు. నన్ను అమ్మేశావు అన్నాను. అక్కకు బదులు నన్ను బుట్టలో పెట్టి లారీకెత్తించావు అన్నాను. అమ్మమ్మ అన్నీ వింది.

"అది అన్నం తినడంలేదే అప్పుడు. కళ్ళు లోపలికి పోయాయి. నీకు ఇంకా లంగా జాకెట్టు వయసు. ఏడెనిమిదేళ్ళుంది కదా, ఈలోగా ఏదో ఒకటి జరగకపోతుందా అనుకున్నాను. వాడికి వేరే మంచి సంబంధం రాకపోతుందా, నేనన్నా పోకపోతానా అనుకున్నాను. ఏమీ జరగలేదు."

"అంతేనా?"

ఆమె పెట్టె మూత తీసింది. చిన్న బిందెను వేలితో తిప్పుతూ అంది.

"నువ్వొస్తే ఆ ఇంట్లో నాకూ ఒక మనిషి ఉంటుందని కూడా అనుకున్నాలే. అబద్ధమెందుకు."

కోపం అలాగే ఉంది, కానీ దాని మీద ఇంకేదో వచ్చి కూర్చుంది. ఆమె ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఒకటే ఏడుస్తుంటే, అత్తగారు ఈ పిడతలు ముందు పోసి "ఆడుకో, ఏడుపు ఆపు" అందట. పెరట్లో పొయ్యి పెట్టి మట్టితో అన్నం వండుతూ ఏడ్చేదాన్ని అని చెప్పింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో తనకే తెలియదంది. నేను పెట్టె మూసేశాను. ఆమె మీద జాలిపడితే రేపు నా గొంతు లేవదని భయం వేసింది.

తెల్లారి మామయ్య వాళ్ళు వచ్చారు. మామయ్య, అత్త, రమణబావ, పంతులుగారు, ఇంకో నలుగురు పెద్దమనుషులు. గుడివాడనుంచి అక్క, మాస్టరుగారు ముందే వచ్చారు. నాకు అక్క పెళ్ళినాటి పట్టుచీర కట్టారు. ముందు గదిలో చాపలు పరిచి, వెండి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు పెట్టారు. అప్పుడు మామయ్య కండువాలోంచి జాగ్రత్తగా ఒక పొట్లం విప్పాడు. చెక్క పెళ్ళికూతురు, ముక్కు లేని పెళ్ళికొడుకు. పదిహేనేళ్ళకు పైగా గోడౌనులో అగరుధూపం తాగి నల్లబడ్డారు ఇద్దరూ. "మన ఇంటి దేవుళ్ళు. వీళ్ళ ముందే పుచ్చుకుందాం" అని పళ్ళెం మధ్యలో నిలబెట్టాడు.  నన్ను బిగించిన తాళానికి చెవి ఆయనే స్వయంగా తెచ్చి నా ముందు పెట్టాడు.

అక్క అందరికీ మంచినీళ్ళు ఇస్తోంది. "తీసుకో అన్నయ్యా" అని రమణబావకు గ్లాసు అందించబోయింది. నేను మధ్యలో వెళ్ళి దాని చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. నీళ్ళు తొణికి చాప మీద పడ్డాయి.

"తీసుకో అన్నయ్యా" అన్నాను.

అమ్మ చెయ్యి లేచింది కానీ, ఇంతమంది ముందు మళ్ళీ దిగింది. అత్త నవ్వేసింది. "చిన్నప్పట్నించీ అదే అలవాటు దానికి. అక్కను చూసి" అంది. పెద్దమనుషులు కూడా నవ్వారు. నవ్వులో నా మాట కొట్టుకుపోయేలా ఉంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే తాంబూలం చేతులు మారిపోతుంది.

"అలవాటు కాదత్తా. అక్కకి అన్నయితే నాకు బావ ఎలా అవుతాడు?"

"వియ్యపురాలు మీ అక్క. నువ్వు కాదుగా" అన్నాడు మామయ్య.

"వియ్యపురాలి చెల్లెల్ని."

"బొమ్మలాటకి ఇన్ని ప్రశ్నలేంటే?"

"ఆటయితే వాటిని తాంబూలంలో ఎందుకు పెట్టావు మామయ్యా?"

నవ్వులు ఆగిపోయాయి. పంతులుగారు గొంతు సవరించుకుని, ఇలాంటివి ఇంటి పెద్దావిడ చెబితేనే బావుంటుంది అని తప్పుకున్నాడు. అందరూ అమ్మమ్మ వైపు తిరిగారు. మామయ్య మొహంలో భయమేమీ లేదు. తన ఇంట్లో ఉండి, తన అన్నం తింటున్న తల్లి.

"చెప్పమ్మా. చెప్పి తాంబూలం అందించు. ఎండెక్కకముందే మనింటికి వెళ్ళిపోదాం" అన్నాడు. మనింటికి అన్న మాటను కొంచెం నొక్కాడు.

అమ్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా కేసి చూడలేదు. నేను చూడమని అడగను కూడా లేదు. ముందు రోజు ఆమెను అన్ని మాటలన్నాను, ఇప్పుడు ఏ మొహంతో అడగను? ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆన్చి నెమ్మదిగా లేచింది. పళ్ళెం దగ్గరికి వచ్చి వంగింది. తాంబూలం తీసి మామయ్య చేతిలో పెడుతుందనే అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆమె రెండు బొమ్మలనూ తీసి, కొంగుతో వాటి మొహాలు తుడిచింది.

"వరస వరసే నాన్నా. పెద్దదానికి అన్న అయినవాడు చిన్నదానికీ అన్నే. నీకు ఆ రోజు కుదురుతుందని చెప్పింది నేను. భయపడి చెప్పాను. తప్పు చెప్పాను."

"అమ్మా, ఆలోచించుకుని మాట్లాడు."

"ఏడేళ్ళబట్టీ అదే పని."

"అయితే దేనికి రానిచ్చావు నన్ను ఇక్కడిదాకా? ఇంతమందిలో తలదించుకోడానికా?" మామయ్య గొంతు చిట్లింది. ఆయన లేచిన ఊపుకి పళ్ళెంలో వక్కలు చెల్లాచెదరయ్యాయి. అత్త అమ్మను ఏదో అంది, అమ్మ అత్తను ఏదో అంది. ఇద్దరూ ఏడుస్తూ అన్నారు కాబట్టి ఎవరికీ సరిగ్గా వినపడలేదు. ఈ గొడవంతట్లో రమణబావ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తరవాత నీళ్ళు గటగటా తాగేసి, గ్లాసు నా కేసి చాచాడు.

"ఇంకొంచెం మంచినీళ్ళు ఇవ్వు చెల్లెమ్మా" అన్నాడు.

అంతే.  పుట్టి బుద్ధెరిగాక అతను ఎవర్నీ అడక్కుండా మాట్లాడిన మాట అదొక్కటే అనుకుంటాను. నేను పరిగెత్తి కుండలో నీళ్ళు ముంచుతుంటే, ఏడుపొచ్చి ముంచిన నీళ్ళన్నీ మళ్ళీ కుండలోనే పడ్డాయి.

జీపు స్టార్టు చేశారు. నాన్న అప్పటికి నోరు విప్పి, "అత్తయ్యగారిని నాలుగు రోజులు ఇక్కడ ఉండనివ్వండి బావగారూ" అన్నాడు. మామయ్య ఆయన కేసి చూడకుండా, "మా అమ్మ కూతురి పంచన పడుండాల్సిన ఖర్మ ఇంకా పట్టలేదు" అన్నాడు. అమ్మమ్మ చెప్పులు తొడుక్కుని వెళ్ళి జీపు వెనక సీటులో కూర్చుంది. మామయ్య అంత కోపంలోనూ బొమ్మలను మర్చిపోలేదు. ఆమె ఒళ్ళోంచి తీసి, మళ్ళీ కండువాలో చుట్టుకున్నాడు. జీపు లారీల మధ్యలోంచి దూరి నూజివీడు రోడ్డెక్కింది. నేను తప్పించుకున్నానన్న సంతోషం రావాల్సిన చోట ఆమె మెడ వెనకభాగం కనబడుతూ ఉండిపోయింది.

ఆ తరవాత వాళ్ళింటి నుంచి కబురు లేదు. అమ్మ రెండు కార్డులు రాసింది, జవాబు రాలేదు. పరీక్షలైపోయాయి. విజయవాడ కాలేజీకి అప్లికేషను కూడా పెట్టాను. మంచి ఎండల్లో ఒక రోజు, పుస్తకాల కోసమని చెప్పి లక్కపిడతల పెట్టె సంచిలో పెట్టుకుని నూజివీడు బస్సెక్కాను.

సీజను ముమ్మరంగా ఉంది. వీధిలో లారీలు నిలబడి ఉన్నాయి. నేను పెరటి సందులోకి తిరిగి తలుపు కొట్టాను. అత్త కొంచెం తలుపు తీసి నన్ను చూసింది. "ఇంట్లో మగవాళ్ళు లేరు. తరవాత రా" అని గడియ పెట్టేసింది. ఆ ఇంట్లో ఆడమనిషి కావాలని నాకోసం చూశారు ఇన్నాళ్ళూ, ఇప్పుడు మగవాళ్ళు లేరట. తిట్టుకుంటూ నాలుగడుగులు వెనక్కి వేశాను.

"సరోజేనా?" అంది కిటికీ.

రెక్క ఒకటి వేలెడు తెరుచుకుంది. మాగిన కాయ వాసన, మందు వాసన కలిసి వేడిగా మొహానికి కొట్టాయి. ఊచల వెనక చీకట్లో అమ్మమ్మ మొహం సరిగ్గా కనపడలేదు. కళ్ళజోడు మాత్రం మెరిసింది.

"ఎండలో ఎందుకొచ్చావే? నెత్తిన కొంగైనా వేసుకోలేదు."

"నీతో మాట్లాడుతున్నారా అమ్మమ్మా?"

"అన్నం పెడుతున్నారు."

"రమణన్నయ్య?"

"వాడొక్కడు రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటాడు. వాడికీ మాటలు రావుగా, కూర్చుంటాడు."

నా దగ్గర ఎన్ని మాటలున్నాయో! క్షమించమని చెప్పాలి, మా ఇంటికి వచ్చెయ్యమని చెప్పాలి. అవేవీ రాలేదు. "నీ పెట్టె తెచ్చాను" అన్నాను. సంచిలోంచి తీసి కిటికీ దగ్గర పెట్టాను. ఊచల మధ్యలోంచి పెట్టె పట్టలేదు. అడ్డంగా పెట్టి చూశాను, నిలువుగా తోసి చూశాను. ఆమె లోపలినుంచి లాగి చూసింది.

"పిడతలు పడతాయిలే. ఒక్కొక్కటీ ఇవ్వు" అంది.

బిందె ఇచ్చాను. మూత ఇచ్చాను. పొయ్యి, రోలు, కన్నాలు లేని జల్లెడ. ఒక్కొక్కటీ ఆమె వేళ్ళు అందుకుని లోపల ఎక్కడో పెట్టుకుంటున్నాయి. పిడతలు నేలకు తగిలిన చప్పుడు వినిపిస్తోంది. ఆ సంసారమంతా లోపలికి వెళ్ళిపోయాక ఖాళీ పెట్టె నా చేతిలో మిగిలింది. ఆ గదిలోకి వెళ్ళాల్సింది నేను. నాకు బదులు అవి వెళ్ళాయి.

లోపల గోడౌనులోంచి, ఇంట్లో లేడన్న మామయ్య కేక వినపడింది. ఎవరా కిటికీ తీసింది, గాలి తగులుతోంది, కాయ పాడవుతుంది అని. అమ్మమ్మ రెక్క మీద చెయ్యి వేసింది. పూర్తిగా మూయకుండా ఆగి, నేను పసిదాన్నై పెరట్లో ఈ పిడతలు పెట్టుకుని ఆమె ముందు కూర్చున్నప్పటి గొంతుతో అడిగింది.

"ఇవాళ ఏం వండమంటావే?"

నేను ఏదో ఒకటి చెప్పేలోపల కిటికీ మూసుకుంది.